తూకానికి అందనిది

కరీంనగర్ వెండి తీగపనిలో నాకు నలభై ఏళ్ళు గడిచాయి. కడ్డీగా పోసిన వెండిని కమ్మచ్చు రంధ్రాల గుండా లాగి, వెంట్రుకంత సన్నం చేస్తాము. రెండు పోగులు పేని, చదును చేసి, లావుపాటి తీగతో కట్టిన చట్రంలో శ్రావణంతో ఒక్కొక్క వంపూ ఒదిగిస్తాము. వెలిగారం చల్లి, మంట ఊది అతికిస్తే ఆ అల్లికే చెవికమ్మ, అత్తరుదాని, పూలసజ్జ అవుతుంది.

2007లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు లభించింది. బేరం మాత్రం నేటికీ త్రాసు దగ్గరే సాగుతుంది. సజ్జకు అందమంతా తీగల నడుమ ఖాళీలోనే ఉంది, ఖాళీకి బరువెక్కడిది? "ఇంత తేలిక వస్తువుకు అంత కూలియా?" అంటారు. అంత తేలిక చేయడానికే ఆ కూలి, మిత్రులారా!

మా అమ్మాయి పని నేర్పమంటోంది. తీగ లాగడం కంటే ముందు, వెండి ధరకు వేరుగా కూలి అడగడం నేర్పుతున్నాను.