స్ప్రేయర్ తాడు రాకపోతే ఇంజన్ పోయినట్టు కాదు



దాళ్వాలో సుడిదోమ కనపడగానే మూలన పెట్టిన పెట్రోల్ స్ప్రేయర్లు బయటికొస్తాయి. తాడు లాగితే కదలదు. ఆ రెండ్రోజులు ఆలస్యమైతే చేను సుడులు సుడులుగా ఎండిపోద్ది, మీకు తెలియంది కాదు. మన కైకలూరు చుట్టూ కొల్లేరు, చేపల చెరువులు. ఈ చెమ్మగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది.

మొన్న మా వీధిలో కూలికి మందు కొట్టే కుర్రాడి మిషన్ ఇలాగే పట్టేసింది. ఒక షాపులో చూడకుండానే "ఇంజన్ సీజ్, కొత్తది కొనుక్కో" అన్నారంట. అప్పు చేసి కొన్న మిషను, అతని ఇల్లు నడిచేది దాని మీదే. ఇద్దరం కూర్చుని వరసగా చూశాం. ఆ వరస మీకూ చెప్తాను.

ముందు తాడు బలంగా లాగకండి. సుత్తి అసలు తీయొద్దు. ట్యాంకులో పెట్రోల్ తీసేసి, ప్లగ్ క్యాప్ ఊడదీయండి. మందు అంటిన మిషను కాబట్టి చేతికి గ్లౌజులు ఉండాలి.

1. తాడు ఉండే స్టార్టర్ కవర్ విప్పి, లోపలి చక్రాన్ని చేత్తో తిప్పండి. తిరిగితే ఇంజన్ బాగానే ఉంది, స్టార్టరే పట్టేసింది.

2. తిరక్కపోతే స్పార్క్ ప్లగ్ తీసి తిప్పండి. ఇప్పుడు తిరిగితే లోపల పెట్రోలో నీళ్ళో నిండినట్టు. మిషన్ వంచి వంపేయండి.

3. అయినా కదలకపోతే పంపు విడదీయండి. చాలా మిషన్లలో పంపు నేరుగా ఇంజన్‌కే ఉంటుంది. కడగని మందు గడ్డకట్టి పంపు బిగుసుకున్నా తాడు రాదు.

4. పంపు తీసినా రాకపోతే ప్లగ్ రంధ్రంలో కాస్త టూటీ ఆయిల్ పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడించండి.

కుర్రాడిది ఈ నాలుగో మెట్టులో కదిలింది. రింగులు తుప్పుకి అతుక్కున్నాయంతే. మర్నాడు పనికి వెళ్ళాడు.

అప్పటికీ రాకపోతే సైలెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచి టార్చిలైటుతో పిస్టన్ చూడండి. నిలువు గీతలు లోతుగా పడి ఉంటే ఆయిల్ చాలక కాలిందని. అప్పుడు సిలిండర్, పిస్టన్ మార్చాల్సిందే. గీతలు లేకపోతే కొత్త ఇంజన్‌కి డబ్బు పెట్టొద్దు.

అసలు కారణం తెలుసుకోవాలి. టూ స్ట్రోక్ ఇంజన్‌కి విడిగా ఆయిల్ ఉండదు, పెట్రోల్లో కలిపిందే దానికి ప్రాణం. 25కి 1 అని పుస్తకంలో ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50కి 1 అంటే 20. అంచనాకి పోయొద్దు, కొలిచి పోయండి. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది, అది చెమ్మని పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచకండి.

మా మేనల్లుడి దగ్గర రిమోట్‌తో పరిగెత్తే నైట్రో బొమ్మకారు ఉంది. అందులోనూ టూ స్ట్రోక్ ఇంజనే. మిథనాల్, నైట్రోమీథేన్‌లో ఆయిల్ కలిపి పోస్తారు, ఆ ఆయిల్ చాలాసార్లు మన ఆముదమే! దాని సిలిండర్ పైకి వెళ్ళేకొద్దీ సన్నగా ఉంటుంది కాబట్టి, పిస్టన్ పైన ఆగి చల్లారితే బిగుసుకుంటుంది. అందుకే ఆట అయ్యాక మిగిలిన ఇంధనం కాల్చేసి, నాలుగు చుక్కల ఆయిల్ వేసి, పిస్టన్ కిందికి దించి పెడతాడు. బొమ్మకే అంత జాగ్రత్త!

మనమూ పంట అయ్యాక పెట్రోల్ తీసేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపి, మంచినీళ్ళతో పంపు కడిగి, ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ వేసి, రెండుసార్లు తాడు మెల్లగా లాగి, ప్లగ్ బిగించి చెమ్మ లేనిచోట పెట్టుకుందాం. అరగంట పని. సార్వాకి మళ్ళీ మిషన్ తీసినప్పుడు ఆ అరగంట విలువ తెలుస్తుంది.