కట్టకముందే నీటి లెక్క

విజయనగరమున మా పాత పెంకుటింటిని విప్పించి, ఆ స్థలముననే మేడ కట్టింప సంకల్పించినప్పుడు మాకు ధనచింతకంటె జలచింతయే మిక్కుటమయ్యెను. వేసవి వచ్చినచో చంపావతియే సన్నగిల్లును. అంతకుముందు మా వీధిలో నొక యిల్లు లేచినప్పుడు పనివారు రాత్రియంతయు గొట్టము విడిచిపెట్టి శ్లాబుపై నీరు పాఱించిరి. తెల్లవాఱునప్పటికి వీధి కాలువయై యుండెను. ఖాళీ బిందెలతో నిలిచిన స్త్రీలు ఆ యిల్లాలి నన్న మాటలు మా చెవుల నింకను మ్రోగుచున్నవి.

మా ఆడపడుచు కుమారుడు ఇంజనీరు. అతడు మా యింటిని ముందుగా కంప్యూటరులోనే కట్టి చూపెను. దీనిని బిల్డింగు ఇన్ఫర్మేషను మోడలింగందురు. ఇది వట్టి బొమ్మ కాదు. గోడను ముట్టినచో దాని మందమును, గొట్టమును ముట్టినచో దాని పొడవును చెప్పును. ఒకచోట మార్చినచో తక్కిన పటములన్నియు తామే మాఱును. అమెరికాలో ఛార్లెస్ ఈస్ట్‌మన్ అను పండితుడు 1975లోనే యిట్టి తలపును ప్రకటించియున్నాడు.

మొదటి నమూనాలో మేడమీది స్నానాలగది వంటయింటికి సరిగా పైన నుండెను. నీరు వాడు గదులు ఒకదానిపై నొకటి యున్న గొట్టము తగ్గునని అతని వాదము. నిజమే. లోపలి వ్యాసము 20 మిల్లీమీటర్లు గల గొట్టము 10 మీటర్లు సాగినచో అందు 3 లీటర్ల నీరు నిలుచును. వేడినీరు వచ్చువఱకు ఆ చల్లని నీటిని ప్రతి యుదయమును పాఱబోయుచునే యుందుము. కాని వంటయింటి మూలనే మా దేవుని మందిరము! మా అత్తగారు తెర చూచి, "దేవుడి నెత్తిమీద స్నానాలగదా, నాయనా? నేనుండగా జరగదు" అనిరి. "అలాగే, అమ్మమ్మా" అని అతడు దానిని పెరటివైపు గదిపైకి జరిపి, గీజరును కూడ దగ్గఱకు తెచ్చెను. శ్లాబు పోసిన పిమ్మట నీ మాట వచ్చియున్నచో నెన్ని చిల్లులు పొడువవలసి వచ్చెడిదో!

"మరి అంట్లు తోమే చోటేదిరా?" అని మేమడిగితిమి. అతడు తెల్లబోయెను. బియ్యము కడిగిన నీరు, అంట్ల నీరు కొబ్బరిచెట్ల పాదులకు పోవుట ఆ నమూనా యెఱుగదు. దానికి వేఱు గొట్టము గీయించితిమి. డాబా 100 చదరపు మీటర్లు. ఒక్క మిల్లీమీటరు వాన కురిసినచో 100 లీటర్లు. ఆ నీరంతయు ఇంకుడుగుంతకు చేరునట్లు వాలు కుదిర్చెను.

ఇక శ్లాబు తడుపుట. మామూలు సిమెంటైనచో కనీసము 7 దినములు, బూడిద మొదలగునవి కలసిన సిమెంటైనచో 10 దినములు తడి ఆఱరాదు. మట్టిగట్లు కట్టి 5 సెంటీమీటర్ల లోతున నీరు నిలిపినచో 5,000 లీటర్లు చాలునని, ఆవిరియైనంత మట్టుకే మరల పోయవలెనని లెక్క తేలెను. ఆ కాగితమును మేస్త్రీ చేతికిచ్చితిమి. అతడు నవ్వెను.

మూడవనాటి రాత్రి డాబాపై నీటి చప్పుడు వినబడెను. మావారు టార్చిలైటుతో పైకిపోయి, గట్టు పొర్లించుచున్న గొట్టమును కట్టివేసిరి. లెక్క వ్రాసియిచ్చితిమిగదాయని కావలి మానుట మా తప్పే.

మఱునాడు పక్కింటి ఆమె బిందెతో వచ్చి, "మీ శ్లాబుకి ఇంకా ఎన్నాళ్లు పోస్తారమ్మా నీళ్లు?" అని యడిగెను. ఏడు రోజులంటిమి. ఆమె వ్రేళ్లు మడచి లెక్కపెట్టుకొని వెళ్లెను.