ఆ ముఖము ఎవరిది?

చరిత్ర పుస్తకమును తెఱచినంతనే మన కన్ను ముందుగా పోవునది అక్షరముల మీదికి కాదు, బొమ్మల మీదికి. ఏబది యేండ్లు గడచి, పాఠమంతయు మఱచిపోయినను, నాడు చూచిన ముఖము మాత్రము మనస్సులో నిలిచియే యుండును. ఇంతటి శక్తి గల బొమ్మను పుస్తకములో పెట్టినవాడెవడు? దానిని ఆతడు ఎచ్చటనుండి తెచ్చెను? ఛాయాచిత్రములు పుట్టక పూర్వము ఐరోపాఖండమున ఈ ముఖముల వర్తకము కొన్ని వందల యేండ్లు సాగినది. దాని కథ విచిత్రమైనది.

1493వ సంవత్సరమున జర్మనీలోని న్యూరెంబర్గు నగరమున ఆంటన్ కోబర్గర్ అను ముద్రాపకుడు ఒక పెద్ద గ్రంథమును వెలువరించెను. హార్ట్‌మన్ షెడెల్ అను వైద్యుడు కూర్చిన లోకచరిత్ర యది. అందు 1809 బొమ్మలు కలవు. కాని వానికై చెక్కిన కొయ్యదిమ్మెలు 645 మాత్రమే! తక్కిన బొమ్మలు ఎట్లు వచ్చినవని అడుగుదురేమో. దిమ్మె ఒక్కటే, పేర్లు వేఱు. ఒక పుటలో ఒక పేరుతో కనబడిన ముఖమే కొన్ని పుటల తరువాత మఱొక పేరుతో కనబడును. పట్టణముల బొమ్మలకును ఇదే గతి పట్టినది. రాజనిన కిరీటము, పండితుడనిన పుస్తకము, ఈ గుర్తులే చాలునని కాబోలు నాటివారి తలంపు. పోలిక అక్కఱలేకపోయినది.

పోలిక కావలెనను కోరికను తీర్చినది రాగిరేకు. కొయ్యదిమ్మెకు పైకి లేచిన భాగముననే సిరా అంటును. అచ్చక్షరములును అట్టివే. కావున రెండును ఒకే యంత్రముమీద పడును. రాగిరేకు పని దీనికి విరుద్ధము. నున్నగా మెఱుగుపెట్టిన రేకుమీద పనివాడు మొనగల ఉక్కుపనిముట్టుతో సన్నని గీతలు తవ్వును. ఆ గీతలలోనికి సిరా పట్టించి, రేకు పైభాగమును శుభ్రముగా తుడిచివేసి, తడిపిన కాగితమును పఱచి, రెండు రోలర్ల నడుమ గట్టిగా నొక్కుదురు. గీతలలోని సిరా కాగితమున కెక్కును. వెండ్రుక వంటి గీతయు స్పష్టముగా పడును గనుక చెంపమీది నీడయు, కంటిలోని వెలుగును బొమ్మలో వచ్చును. ఐతే ఈ రేకును అక్షరముల యంత్రముమీద అచ్చువేయుటకు వీలులేదు. అందువలన తఱచుగా బొమ్మను వేఱుగా, వేఱొక కాగితముమీద అచ్చువేసి, ముఖపత్రమున కెదురుగా చేర్చి కుట్టెడివారు. ఈ చిన్న సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మనకు పనియున్నది.

షేక్స్పియరు ముఖమని మన మెఱిగినది ఇట్టి రాగిరేకు బొమ్మయే. ఆయన 1616లో మరణించెను. ఏడేండ్లకు, 1623లో, ఆయన నాటకముల సంపుటము లండనులో వెలువడినపుడు మార్టిన్ డ్రూషౌట్ అనువాడు చెక్కిన చిత్రమును ముఖపత్రముననే అచ్చువేసిరి. దాని కెదురుపుటలో కవి మిత్రుడగు బెన్ జాన్సన్, పాఠకులు బొమ్మను విడిచి పుస్తకమును చూడవలసినదని పద్యము వ్రాసెను! బొమ్మ అందమైనది కాదని పెక్కుమంది యందురు. ఐనను కవి నెఱిగినవారు బ్రదికియుండగా వెలువడినది గనుక దానికి విలువ కలిగినది.

రాగిరేకు చెక్కించుటకు సొమ్ము పెట్టువాడు ప్రచురణకర్త. ఆతనికి రేకు పొలము వంటి ఆస్తి. ఏటేట పంట తీయవచ్చును, అమ్ముకొనవచ్చును. లండనులో పీటర్ స్టెంట్ అను బొమ్మల వర్తకుడు 1665లో చనిపోగా ఆతని రేకులు జాన్ ఓవర్టన్ అనువాని చేతికి వచ్చినవి. అరిగిన గీతలను మరల తవ్వి, క్రింది పేరును చెఱిపి తన పేరు చెక్కించుకొని, క్రొత్త యజమాని అచ్చువేసికొనుట ఆ వర్తకమున పరిపాటి. పేరు చెఱపవచ్చును గదా, తలను మాత్రమేల చెఱపరాదు?

పియెర్ లోంబార్ అను ఫ్రెంచి శిల్పి గుఱ్ఱమెక్కిన వీరుని రేకు నొకదానిని చెక్కెను. చిత్రకారుడు వాన్ డైక్ వ్రాసిన మొదటి చార్లెస్ రాజు చిత్రము దానికి మాతృక. ఆ రాజును 1649లో శిరచ్ఛేదము చేసిరి. క్రాంవెల్ అధికారమునకు వచ్చెను. ఈ రేకుమీద క్రాంవెల్ తలయు, ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ తలయు, చార్లెస్ తలయు వేర్వేఱు సమయములలో చెక్కబడినవి. తల యేదియు లేని దశలో తీసిన ముద్రయు ఒకటి కలదు. దానినే ‘తలలేని రౌతు’ అందురు. రాజ్యములు మాఱినవి గాని గుఱ్ఱము మాఱలేదు!

ఇది బాహాటమైన మార్పు. కంటికి కానరాని పొరపాటు ఇంతకంటె ప్రమాదకరము. జాన్ నాప్టన్, పాల్ నాప్టన్ అనువారు లండనులో పేరుగాంచిన పుస్తక ప్రచురణకర్తలు. ఆంగ్లదేశపు ప్రముఖుల ముఖచిత్రములను, థామస్ బర్చ్ వ్రాసిన జీవితకథలతో, వారు 1743 మొదలు 1752 వఱకు గొప్ప సంపుటములుగా వెలువరించిరి. బొమ్మలలో అధికభాగమును చెక్కినవాడు జాకబ్ హౌబ్రాకెన్. ఆతడు ఆమ్‌స్టర్‌డాములో నుండెను. లండనునుండి పంపిన నకళ్లను చూచి చెక్కెను. చేతిపనిలో ఆతనికి సాటి లేరు. కాని హోరేస్ వాల్పోల్ అను విద్వాంసుడు గట్టి ఆక్షేపణ తెలిపెను. ఆ శిల్పికి ఆంగ్లదేశ చరిత్ర తెలియదనియు, వచ్చిన నకలు నిజమైనదా కాదా యని విచారింపక చెక్కెననియు, సోమర్సెట్టు ప్రభువు బొమ్మయు, కార్యదర్శి థర్లో బొమ్మయు వారివి కావనియు ఆయన వ్రాసెను. చూడుడు, పని ఎంత చక్కగా నున్నచో అబద్ధము అంత చక్కగా నమ్మబడును.

నా తరగతిలోను ఒక బాలుడు, “మాస్టరుగారూ, నన్నయభట్టు నిజముగా ఇట్లే యుండెడివాడా?” అని అడిగెను. మంచి ప్రశ్న. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరములో నున్న ఆ మహాకవిని ఎదుట కూర్చుండబెట్టి వ్రాసిన చిత్రమేదియు మనకు దక్కలేదు. మనము చూచునది తరువాతి చిత్రకారుల భావన. శ్రీకృష్ణదేవరాయల సంగతి వేఱు; తిరుమలలో దేవేరులతోగూడ చేతులు జోడించి నిలిచిన ఆయన లోహవిగ్రహము కలదు. ఊహించి వ్రాసిన బొమ్మ క్రింద ‘ఊహాచిత్రము’ అని ఒక్క మాట అచ్చువేసినచో చిత్రకారునికి కొఱత రాదు, చదువు బాలునికి మేలగును. మన పుస్తకములవారు ఆ ఒక్క మాటకు చోటులేదన్నట్లు మెలగుట నాకు నచ్చదు.

హౌబ్రాకెన్ కాలముననే లండనులో జార్జి వెర్ట్యూ అను చెక్కుడుపనివాడుండెను. 1684లో పుట్టి 1756లో మరణించెను. ఈయన ప్రభువుల భవనములకు పోయి, గోడల మీది చిత్రములను చూచి, ఇది ఎవరిది, ఎవరు వ్రాసిరి అని విచారించి, తెలిసినదెల్ల చిన్న పుస్తకములలో వ్రాసికొనెడివాడు. ఆయన పోయిన పిదప 1758లో ఆ వ్రాతపుస్తకములను వాల్పోలే కొని, వానినుండి ఆంగ్లదేశ చిత్రకళాచరిత్రను కూర్చి 1762 మొదలుగా ప్రకటించెను. ముఖమునకు సాక్ష్యము వెదకుట కూడ విద్యయేనని దానివలన తెలిసినది.

ఈ విద్య మఱియొక వింత త్రోవ త్రొక్కినది. షిప్లేకు అను గ్రామమున మతాచార్యుడుగా నున్న జేమ్స్ గ్రేంజర్ 1769లో ఆంగ్లదేశ జీవితచరిత్రల గ్రంథమును ప్రకటించి వాల్పోలునకు అంకితమిచ్చెను. రాజులు మొదలు అట్టడుగు జనము వఱకు పండ్రెండు తరగతులుగా విభజించి, ఎవరెవరికి చెక్కిన బొమ్మలు కలవో అందు తెలిపెను. బొమ్మలు లేవు, పట్టిక మాత్రమే. ధనవంతులు ఆ పట్టికను చేతబట్టుకొని బొమ్మలకై వేట మొదలిడిరి. విలియం రిచర్డ్‌సన్ వంటి వర్తకులు అరుదైన బొమ్మలకు క్రొత్తగా నకళ్లు చెక్కించి అమ్మిరి. అదియు చాలలేదు. ముఖపత్రమున కెదురుగా కుట్టిన బొమ్మ వేఱు కాగితమని ముందే చెప్పితిని గదా! కత్తితో కోసినచో వ్రాతకు హాని లేకుండ వచ్చును. బొమ్మలు గల పాతపుస్తకముల వెల ఐదురెట్ల వఱకు పెరిగినదనియు, కోతపడని ప్రతి దొరకుట అరుదైనదనియు చెప్పుదురు. ఈ పనికి ఆంగ్లభాషలో పాపము గ్రేంజరు పేరే క్రియాపదమై నిలిచినది.

అట్లు కోసిన పుస్తకములు నేటికిని పాత గ్రంథాలయములలో నున్నవి. రచయిత పేరున్నది, ఆయన వ్రాతయున్నది. ముఖపత్రమున కెదురుగా, కుట్టు దగ్గఱ, సన్నని కాగితపు అంచు మాత్రము మిగిలియున్నది.