నీళ్లు రాకముందు ఆ లోయకి నడిచి వెళ్లాం

2019 ఆగస్టు 27, తెల్లవారుజాము మూడున్నర. కాలేజీ హాస్టల్లో నేనూ, మా రూమ్మేటూ రెండు లాప్‌టాప్‌లు ముందేసుకుని క్యూలో ఉన్నాం. తిరుమల కంపార్ట్‌మెంట్లో కూర్చున్నట్టే ఉంది. మీ ముందు ఇన్ని వేల మంది ఉన్నారని స్క్రీన్ చెబుతోంది, గేటు మాత్రం తెరుచుకోవట్లేదు. పొద్దున తొమ్మిదింటికి ల్యాబ్. ఇద్దరం వెళ్లలేదు.

ఆ రాత్రి తెరిచింది 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్'. అసలు ఆట 2004లో వచ్చింది. అప్పుడు మేం ఒకటో తరగతి. ఇన్నేళ్లలో అది చాలా మారిపోయింది కాబట్టి, పాతకాలంలో ఎలా ఉండేదో అలాగే మళ్లీ తెరిచారన్నమాట. ఆటలోని లోకం పేరు అజెరాత్. అక్కడ మనకో వేషం ఉంటుంది. నాది టారెన్, అంటే ఎద్దు తలకాయ ఉన్న భారీ మనిషి. మావాడిది నీలం రంగు ట్రోల్.

నేను రాసేది ఆ లోకంలో ఒక్క చోటు గురించే. పేరు థౌజండ్ నీడిల్స్. వేయి సూదులు.

లిఫ్ట్ దిగితే లోయ

పాత అజెరాత్‌లో నలభయ్యో లెవెల్ వచ్చేదాకా ఎక్కడానికి గుర్రం గానీ, తోడేలు గానీ ఉండదు. కాళ్లే దిక్కు. ఊరి నుంచి ఊరికి ఎగిరే పక్షుల సర్వీసు ఉంది కానీ, మొదటిసారి ఆ ఊరికి నడిచి వెళ్లి, అక్కడి పక్షులవాడితో మాట్లాడాకే ఆ రూటు మనకి తెరుచుకుంటుంది. అందుకే ఎక్కడికైనా తొలి ప్రయాణం నడకే.

బారెన్స్ అని ఒక పెద్ద ఎండు మైదానం. మధ్యలో క్రాస్‌రోడ్స్ అనే ఊరు. అక్కడి నుంచి దక్షిణంగా బయల్దేరాం. దారంతా ఎర్రమట్టి, జిరాఫీలు, వెంటపడే సింహాలు. కబుర్లు చెప్పుకుంటూ, రెండుసార్లు చచ్చి లేచి, మైదానం అంచుకి చేరాం. అక్కడ నేల ఒక్కసారిగా ఆగిపోతుంది. కింద లోతైన లోయ. లోయ నిండా ఆకాశంలోకి లేచిన రాతి స్తంభాలు. వాటిలో కొన్నిటి మీద ఇళ్లు, మధ్యన తాళ్ల వంతెనలు. కిందకి దిగడానికి గ్రేట్ లిఫ్ట్ అని ఒక చెక్క లిఫ్ట్.

"పద మామా" అని మావాడు తొందరపడి దూకాడు. లిఫ్ట్ ఇంకా రాలేదు. నవ్వాపుకోలేక నేనూ అంచు దాటేశా. ఇద్దరం కిందపడి చచ్చాం. పక్క రూమ్ వాళ్లు తలుపు కొట్టేంత నవ్వాం.

ఆ తర్వాత నెలంతా ఆ లోయలోనే గడిపాం. స్తంభం మీద ఫ్రీవిండ్ పోస్ట్ అనే చిన్న టారెన్ ఊరు. తూర్పు వైపు తెల్లటి ఉప్పు మైదానం, షిమ్మరింగ్ ఫ్లాట్స్. అక్కడ గాబ్లిన్లూ, నోమ్‌లూ రేసు కార్లు తయారుచేసుకుంటూ పోట్లాడుకుంటారు. పెద్ద కథేం లేదు. తాబేళ్ల వెంట, తేళ్ల వెంట పరిగెత్తడమే. కానీ ఏ స్తంభం తర్వాత ఏ మలుపో మాకు కళ్లు మూసుకున్నా తెలుసు.

జేజి అడిగిన ప్రశ్న

2020 మార్చిలో లాక్‌డౌన్. నేను కర్నూలు వచ్చేశా, వాడు ఖమ్మం వెళ్లిపోయాడు. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజూ రాత్రి ఆ లోయలోనే కలిసేవాళ్లం. ఒకరోజు మా జేజి వెనకాల నిలబడి చూసి, "ఇదేం ఊరప్పా, అన్నీ రాళ్లే?" అంది. చెప్పా. నిజం ఊరు కాదని కూడా చెప్పా. "మాదీ ఇప్పుడు నిజం కాదులే" అంది.

జేజి పుట్టిన ఊరు శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగిపోయింది. ఏటా ఎండాకాలం నీళ్లు తగ్గాక సంగమేశ్వరం గుడి బయటపడుతుందని తెలుసు కదా. చిన్నప్పుడు మమ్మల్నీ పుట్టిలో తీసుకెళ్లింది. అందరూ గుడి చుట్టూ తిరుగుతుంటే, తను మాత్రం ఒడ్డు వైపు చూస్తూ ఉండేది. ఎందుకని ఆ రాత్రి అడిగా. "నీళ్లు దిగితే గుడి కనపడతాది. మనుషులు కనపడరు కదప్పా" అంది. నేను మళ్లీ స్క్రీన్ వైపు తిరిగా. అప్పటికి అర్థం కాలేదు.

ఒకసారి మునిగిన చోటే

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. ఇలాంటి ఆటలకి రెండు మూడేళ్లకోసారి ఎక్స్‌పాన్షన్ వస్తుంది. కొత్త భూములు, కొత్త శత్రువులు. మామూలుగా పాత లోకం అలాగే ఉండి, పక్కన కొత్తది చేరుతుంది. 2010 డిసెంబర్ 7న వచ్చిన కాటాక్లిజం అలా కాదు. డెత్‌వింగ్ అనే డ్రాగన్ భూమిని చీల్చుకుని బయటికొస్తాడు, పాత లోకమే మారిపోతుంది. బారెన్స్ రెండుగా చీలింది. సముద్రం పొంగి థౌజండ్ నీడిల్స్‌ని ముంచేసింది.

మొదటి 24 గంటల్లోనే 33 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. 2010 అక్టోబర్‌లో కోటీ ఇరవై లక్షలున్న చందాదారులు, 2011 చివరికి కోటీ రెండు లక్షలకి తగ్గారు. కారణాలు చాలానే చెబుతారు. మొదట్లో హీరోయిక్ డంజన్లు మరీ కష్టంగా ఉన్నాయన్నారు. కొత్త ప్రాంతాలు అయిదే, అవీ ఒకచోట లేకుండా చెల్లాచెదురు. ఒకటైతే పూర్తిగా సముద్రం అడుగునే. శ్రమలో పెద్ద భాగం చిన్న లెవెల్ ప్రాంతాలకి పోయింది, పై లెవెల్ వాళ్లకి అక్కడ పనిలేదు. పైగా పాత ఖండాల మీద ఎగరడానికీ అనుమతి వచ్చింది. నెలలు పట్టి నడిచిన దారులు నిమిషాల్లో కింద నుంచి జారిపోయాయి.

నిజం చెప్పాలంటే, పని చేతకాక కాదు. ఇంజినీర్‌గా చూస్తే అంత పాత లోకాన్ని మళ్లీ కట్టడం చిన్న విషయం కాదు. కానీ పాతదానికి బ్యాకప్ తెరిచి ఉంచలేదు. 2013లో ఒక అభిమాని పాత సర్వర్లు ఇస్తారా అని సభలో అడిగితే, మీకు కావాలనిపిస్తుంది గానీ నిజంగా వద్దు అన్న అర్థంలో జవాబొచ్చింది. ఆరేళ్లకి వాళ్లే క్లాసిక్ తెరిచారు.

ఆ క్లాసిక్ కూడా ఆగలేదు. ఎక్స్‌పాన్షన్లు వరసగా మళ్లీ రావడం మొదలైంది. 2021లో ఒక ప్రశ్న వచ్చింది: మీ వేషాన్ని పాత కాలంలోనే ఉంచుతారా, ముందుకి తీసుకెళ్తారా? రెండు చోట్లా కావాలంటే డబ్బు కట్టాలి. మావాడు ఎంఎస్‌కి డల్లాస్ వెళ్తున్నాడు. "ముందుకే పోదాం మామా, అందరూ అటే" అన్నాడు. ముందుకే పోయాం. రెండో ఎక్స్‌పాన్షన్ మధ్యలో వాడు రావడం మానేశాడు.

గోవాలా ఉంది

2024 మే 20న కాటాక్లిజం రెండోసారి వచ్చింది. ఆ వారాంతం వాణ్ని బతిమాలి పిలిచా. నాకు ఆదివారం పొద్దున, వాడికి శనివారం రాత్రి. ఇద్దరం ఎగురుతూ వెళ్లాం. బారెన్స్ మధ్యలో నిప్పులు కక్కే చీలిక. గ్రేట్ లిఫ్ట్ విరిగిపడి ఉంది. లోయలో నీలం నీళ్లు, నీళ్లలోంచి తలలు పైకెత్తిన స్తంభాలు. రేసు కార్లవాళ్లు ఒక పెద్ద పడవ మీద చేరారు, దాని మీద బార్ కూడా ఉంది. మనకీ తిరగడానికి పడవ ఇస్తారు. బాగుంది, అబద్ధం చెప్పను.

"గోవాలా ఉంది మామా" అన్నాడు వాడు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. "మనం పడింది ఎక్కడ్రా?" అని అడిగాడు. లిఫ్ట్ కింద నీళ్లలోకి మునిగి వెతికాం. ఊపిరి చాలక పైకొచ్చాం. పది నిమిషాల తర్వాత పనుందని లాగౌట్ అయ్యాడు. మళ్లీ రాలేదు.

గేమ్ నచ్చకపోతే తిట్టొచ్చు. ఇక్కడ ఎవర్ని తిట్టాలో తెలియలేదు. నీళ్లొస్తాయని మాకు 2019లోనే తెలుసు.

ఎలా వెళ్లాలి?

నీళ్లు రాని అజెరాత్ ఇప్పటికీ ఉంది. చందా కట్టాక సర్వర్ల లిస్టులో 'క్లాసిక్ ఎరా' ఎంచుకోండి. కొత్త టారెన్‌ని చేసుకోండి. నాకు పాతికో లెవెల్ రావడానికి మూడు వారాలు పట్టింది. క్రాస్‌రోడ్స్ నుంచి దక్షిణంగా నడవండి. సింహాలు జాగ్రత్త. లిఫ్ట్ వచ్చాకే ఎక్కండి.

నేను వెళ్లినప్పుడు అన్నీ ఉన్నాయి. లిఫ్ట్, వంతెనలు, ఉప్పు మైదానం, తాబేళ్లు. రెండు గంటల్లో కనిపించిన ఆటగాళ్లు ఇద్దరే. జేజి మాట అప్పుడు గుర్తొచ్చింది.

లిఫ్ట్ అంచున నిలబడి ఒక స్క్రీన్‌షాట్ తీసి డల్లాస్‌కి పంపా. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది: "ఇక్కడ ఎగరడం లేదు కదా? అయితే ఆదివారం వస్తా. నేనొచ్చే దాకా దిగకు."

ఇంకా పైనే ఉన్నా.