గొంతు మాయమైన పాట

పాట వస్తూనే ఉంటుంది, పాడేవాళ్లే ఉండరు. వయొలిన్లు బావిలోంచి వస్తున్నట్టు మోగుతాయి, తబలా పలచబడిపోతుంది, పల్లవి అందుకోవాల్సిన చోట గొంతు ఉండదు. ఫోను చెడిందేమోనని ఒకరు, పాట సరిగ్గా దిగలేదేమోనని మరొకరు అనుకుంటారు. చాలాసార్లు తెగింది ఇయర్‌ఫోను తీగలో ఒక్క పోగు.

ఆ తీగలో మూడు దారులుంటాయి. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి, రెండు వైపుల కరెంటూ తిరిగి వెళ్లే ఉమ్మడి దారి ఒకటి. ఉమ్మడి దారి తెగితే ఎడమవైపు కరెంటు కుడివైపు గుండానే వెనక్కి పోవాలి. అప్పుడు రెండు వైపులా సమానంగా ఉన్న ధ్వని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తేడా మాత్రమే చెవికి చేరుతుంది. స్టీరియో రికార్డింగులో గాయకుడి గొంతును సాధారణంగా నడిమధ్య ఉంచుతారు కాబట్టి ముందు పోయేది అదే. 1957 నాటి ‘మాయాబజార్’ పాటల్లాంటి, రెండు వైపులా ఒకే ధ్వని ఉండే మోనో రికార్డింగు పెడితే పాటంతా దాదాపు నిశ్శబ్దమే. ఒక పాత పాట, ఒక కొత్త పాట వింటే చాలు, మీటరు పట్టకముందే సగం రోగం తెలిసిపోతుంది.

శ్రీ సత్యసాయి జిల్లా పడమటి కొసన ఉన్న అమరాపురం వైపు ఘంటసాల ఎంత దగ్గరివాడో కన్నడ రాజ్‌కుమార్ కూడా అంతే. వక్క తోటల్లో, మల్బరీ చేలల్లో పొద్దు గడవడానికి పాట తోడు కావాలి. చవక ఇయర్‌ఫోను చెడితే హిందూపురం దాకా బస్సెక్కి బాగుచేయించుకోవడం గిట్టుబాటు కాదు, పారేసి ఇంకోటి కొంటారు. ప్రాణం ఉసూరుమనేది అక్కడే. ఆ పారేసినవాటిలో చాలావాటి స్పీకర్లు నిక్షేపంగా ఉంటాయి. తెగేది తీగ, అదీ ఎక్కువగా జేబులో మడతపడే పిన్ను మెడ దగ్గర.

ఒక చెవికే వినబడుతుంటే ముందు వేరే ఫోనుకు పెట్టి చూడాలి. అక్కడా అంతే అయితే పాట నడుస్తుండగా తీగను పిన్ను దగ్గర్నుంచి అంగుళం అంగుళం మెల్లగా వంచుతూ పోవాలి. గరగరమని పోయిన చెవి ఒక్క క్షణం పలికిందంటే తెగిన చోటు వేళ్ల కిందే ఉంది. ఎక్కడా పలకకపోతే మల్టీమీటరు తీయాలి. ఒక కడ్డీ పిన్ను మొనకు, రెండోది మొదట్లోని లోహానికి ఆనిస్తే మంచి ఇయర్‌ఫోను 16 లేదా 32 ఓముల దగ్గర చూపిస్తుంది, చెవిలో చిన్న టిక్కు కూడా వినిపిస్తుంది. ముల్లు కదలకపోతే తీగో, స్పీకరు లోపలి చుట్టో తెగినట్టు, సున్నా చూపితే రెండు తీగలు కలిసిపోయినట్టు.

మైకు ఉన్నవాటి పిన్ను మీద నాలుగు భాగాలుంటాయి, లెక్క కాస్త మారుతుంది. పాతకాలపు కొన్ని సెట్లలో మైకు, ఉమ్మడి తీగల స్థానాలు తారుమారుగా ఉంటాయి. అలాంటిది ఇప్పటి ఫోనుకు పెట్టినా గొంతు మాయమవుతుంది. మైకు బొత్తాం నొక్కి పట్టుకున్నంతసేపూ గొంతు తిరిగొస్తే తీగ తెగలేదన్నమాట, జతే కుదరలేదు.

అసలు ఓపిక కావాల్సింది అతుకు దగ్గర. తెగిన చోటుకు రెండు మూడు సెంటీమీటర్లు ఇవతలగా కోసి, పైతొడుగు తీస్తే దారప్పోగులతో కలిసి వెంట్రుకల్లాంటి రాగి తీగలు కనిపిస్తాయి. ఎరుపు కుడికి, ఆకుపచ్చో నీలమో ఎడమకు, రాగి రంగు ఉమ్మడికి అన్నది వాడుక. అన్ని కంపెనీలూ పాటించవు కాబట్టి మీటరుతో సరిచూసుకోవాలి. ఆ రంగు నిజానికి కరెంటును పోనివ్వని ఎనామిల్ పూత. అది పోకుండా టంకం పెడితే అంటుకున్నట్టే ఉంటుంది, పాట మాత్రం రాదు. వేడి సోల్డరింగ్ ఐరన్ మొన మీద టంకం బొట్టు కరిగించి, తీగ కొసను అందులో కాసేపు ముంచితే పూత కాలి రాగి తెల్లబడుతుంది. ధర్మవరం మగ్గం మీద తెగిన పట్టుపోగును వెతికి అతికే వేళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. కొత్త పిన్ను అతికేటప్పుడు దాని తొడుగును మాత్రం టంకానికి ముందే తీగలోకి ఎక్కించుకోవాలి. అది మరిచిపోయి అతుకంతా మళ్లీ విప్పుకోనివారు అరుదు.

ఈ సరుకుకు ఇంటి పని కొత్త కాదు. అమెరికాలోని యూటాకు చెందిన నథానియల్ బాల్డ్విన్ వంటింట్లో తయారుచేసిన హెడ్‌ఫోన్లను 1910లో నౌకాదళానికి పంపాడు. వాళ్లకు నచ్చి ఇంకా కావాలంటే, ఒక్కో విడతకు పది మాత్రమే చేయగలనన్నాడు.

స్పీకరు లోపలి చుట్ట కాలితే ఇంట్లో చేయగలిగింది లేదు. బ్లూటూత్ వాటిలోని లిథియం బ్యాటరీ దగ్గరికి ఐరన్ తీసుకెళ్లకూడదు, నిప్పంటుకోవచ్చు. శబ్దం సన్నగిల్లిందంటే మాత్రం ముందు స్పీకరు మీది జల్లెడ చూడాలి. గుబిలి పేరుకుని ఉంటే మెత్తని బ్రష్షు చాలు. చుట్ట కాలిన సెట్టు తీగనూ పిన్నునూ కోసి బిస్కెట్ల డబ్బాలో వేసి ఉంచితే, ఇంట్లో మరొకరి పాటలో గొంతు పోయిన రోజు పనికొస్తాయి.