భీమిలిలో తాగిన అరకు కాఫీ

పాలు పోయలేదు, పంచదార వెయ్యలేదు, చికోరీ కలపలేదు. అయినా ఆ కప్పులో తీపి ఉంది! భీమిలి బీచ్ రోడ్డు పక్కన ఒక చిన్న కాఫీ షాపులో మొదటి గుక్క తాగి, ఆశ్చర్యంతో కప్పులోకి తొంగి చూశాను. తేరిన టీలా పల్చగా, ఎర్రగా ఉంది. ముందు నాలుక చివర నిమ్మ పులుపు, ఆ వెనకే బెల్లపు వాసన, గుటక దిగాక కూడా చాలాసేపు వదలని కమ్మదనం. చేదు లేకపోలేదు. కానీ ఎంత మర్యాద తెలిసిన చేదో!

ఇత్తడి ఫిల్టర్‌లో దిగిన చిక్కటి డికాషన్, పొంగిన పాలు, గ్లాసు నిండా నురగ: నేను తాగి పెరిగిన కాఫీ అది. దాని మీద మమకారం ఎప్పటికీ పోదు. ఇది మాత్రం వేరే లోకం. “ముందు ఒట్టిదే తాగి చూడండి సార్, కావాలంటే పాలు తర్వాత పోస్తాను” అన్నాడు షాపు కుర్రాడు. ఆ పాల అవసరమే రాలేదు.

అతను చేసే తీరు కళ్ళప్పగించి చూశాను. అప్పటికప్పుడు గింజలు పొడి కొట్టి, గరాటులో పెట్టిన కాగితంలో వేశాడు. కాసిని వేడినీళ్ళు పోసి ఆగాడు. పొడి బుస్సున ఉబ్బింది, బుడగలు లేచాయి. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ అలా బయటికొస్తుందట. పొడి తాజాదైతేనే ఆ పొంగు. తర్వాత సన్నటి ధారతో గుండ్రంగా నీళ్ళు తిప్పాడు. షాపంతా వాసన!

గింజలు అరకువి. అక్కడ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు కాఫీ పండిస్తారు. ఒకే కొమ్మకి పచ్చికాయలూ ఎర్రటి పళ్ళూ కలిసి ఉంటాయి. పండినవాటినే చేత్తో ఏరి కోయాలి. అందుకే ఒకే చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. తొక్క తీసి, జిగురు కడిగి, ఎండబెడితే గింజ. నీడలో నిదానంగా పండటం వల్లే ఆ తీపి, ఆ పులుపు. ఇంత ఓపిక ఉందా ఒక్క కప్పులో!

2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ షాపు తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. ఆ సంస్థ గిరిజన రైతుల దగ్గర గింజలు కొని, పొడి కూడా అమ్ముతోంది.

నన్ను అన్నిటికన్నా మురిపించింది గోస్తనీ నది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, ఇదే భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. ఆ కొండల్లోనూ కాఫీ తోటలే. ఏరు పుట్టినచోట పండిన కాఫీని ఏరు కలిసేచోట తాగడం ఎంత అదృష్టం! పారిస్ దాకా వెళ్ళిన ఈ రుచి మన ఊళ్ళో ప్రతి టిఫిన్ సెంటర్‌లోనూ దొరకాలి.

భీమిలి వెళ్తే పాలు లేకుండా ఒక్క కప్పు అడగండి. గబగబా తాగెయ్యకండి. చల్లారేకొద్దీ తీపి ఇంకా బాగా తెలుస్తుంది.