పంపుది కసూర్ కాదు

"సెల్ఫ్ తిరుగుతోంది గానీ బండి స్టార్ట్ అవ్వట్లేదు." మెకానిక్ షాపుల్లో రోజూ వినపడే మాట ఇది. మా అబ్బా బెజవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు మిస్త్రీగా చేశారు. ఈ మాటతో ఎవరొచ్చినా, పానా పట్టుకునే ముందు ఓ ప్రశ్న అడిగేవారు: "సెల్ఫ్ ఎలా తిరుగుతోంది? హుషారుగానా, నీరసంగానా?" షాగిర్దులకు ఆయన నేర్పిన మొదటి సబక్ కూడా అదే. "పైలే సున్, ఫిర్ ఖోల్." ముందు విను, తర్వాత విప్పు.

మన ఖాందాన్‌లలో ఆటోల మీదా కార్ల మీదా రిజ్క్ సంపాదించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. బండి ఒక్కరోజు ఆగితే ఆ రోజు కిరాయి పోతుంది. ఆ పరేషానీలో ఎవరో ఒకరి మాట నమ్మి వేలకు వేలు పోస్తాం. అందుకే ఈ ఇల్మ్ కాస్త ఇంటిల్లిపాదికీ తెలిసుండటం మంచిది.

తాళం తిప్పితే ఏ చప్పుడూ లేకపోయినా, టకటకమని ఆగిపోయినా అది బ్యాటరీ మస్లా, లేదంటే సెల్ఫ్ మోటారు మస్లా. సెల్ఫ్ హుషారుగా తిరుగుతోందంటే ఆ రెండూ దాదాపు సాఫ్ అనుకోవచ్చు. మూలుగుతూ తిరుగుతుంటే మాత్రం ముందు బ్యాటరీ ఛార్జి చేయించాలి. ఉన్న కాస్త కరెంటూ సెల్ఫే లాగేస్తుంటే ఇంజిన్ కంప్యూటర్‌కూ ప్లగ్గులకూ చాలినంత అందదు.

పెట్రోలు ఇంజిన్‌కు కావలసినవి మూడు. సరైన పాళ్లలో గాలి కలిసిన పెట్రోలు, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ, సిలిండర్‌లో కంప్రెషన్. కంప్రెషన్‌ని అబ్బా 'దమ్' అనేవారు. ఈ మూడూ వక్త్‌కి అందాలి. నమాజ్‌కు వక్త్ ఎలాగో ఇంజిన్‌కు టైమింగ్ అలాగ. సెల్ఫ్ బాగా తిరిగి కూడా బండి స్టార్ట్ అవ్వలేదంటే వీటిలో ఏదో ఒకటి అందట్లేదు, లేదా వేళ తప్పింది. ఏది అందట్లేదో బానెట్ ఎత్తకుండానే కొంత తెలుసుకోవచ్చు.

చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు తాళం 'ఆన్' వరకే తిప్పండి, సెల్ఫ్ కొట్టొద్దు. ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి పంపు ట్యాంకులోనే ఉంటుంది. వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు సన్నగా 'జుయ్'మని మోగి ఆగుతుంది. ఆ చప్పుడు వస్తే పంపు తిరుగుతోందని అర్థం. రాకపోతే ఫ్యూజు, రిలే, వైరు, చివరికి పంపు, ఈ వరసలో చూడాలి.

డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ లైటు ఆగకుండా మిణుకుతుంటే బండి మీ తాళాన్ని పహచాన్ చేయట్లేదు. చాలా కార్లలో అప్పుడు సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. బీరువాలో దాచిన రెండో తాళం తెచ్చి చూడండి.

సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు మీద కన్నేయండి. చాలా కార్లలో అది కొద్దిగా కదలాలి. అస్సలు కదలకపోతే క్రాంక్ సెన్సార్ మీద షక్ పెట్టుకోవచ్చు. వేడి మీద ఆగిపోయి, చల్లారాక స్టార్ట్ అయ్యే బండి అయితే ఆ షక్ ఇంకా బలపడుతుంది.

సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన గుప్పుమంటే పెట్రోలు వస్తోంది గానీ అంటుకోవట్లేదు. ప్లగ్గులు తడిసిపోయి ఉండొచ్చు. ఇంజెక్షన్ బళ్లలో చాలావాటికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే పెట్రోలు ఆగి గాలి మాత్రమే వెళ్తుంది, ప్లగ్గులు ఆరతాయి. ఆ వాసన ఉన్నచోటికి బీడీ, అగ్గిపుల్ల రానీయొద్దు. ప్లగ్గు వైరు పీకి చేత్తో పట్టుకుని నిప్పురవ్వ చూసే పాత అలవాటు అస్సలు వద్దు. అక్కడ ఉండేది వేల వోల్టుల కరెంటు.

ఇంకోటి చెవి పని. రోజూ వినే 'డుగ్ డుగ్' లయ లేకుండా సెల్ఫ్ గిర్రున తేలిగ్గా తిరుగుతుంటే వెంటనే ఆపేయండి. టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. కొన్ని ఇంజిన్లలో ఇంకా తిప్పితే పిస్టన్లు వాల్వులకు తగిలి అవి వంగిపోతాయి. బెల్టుతో పోయేది ఇంజిన్ విప్పేదాకా వస్తుంది.

డీజిల్ బండిలో నిప్పురవ్వ ఉండదు, దమ్ వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఫిల్టర్ మార్చాకో, ట్యాంకు ఖాళీ అయ్యాకో స్టార్ట్ అవ్వకపోతే లైనులో గాలి చేరి ఉండొచ్చు. ముందు ఆ గాలి తీయించాలి.

ఏ బండికైనా సెల్ఫ్ ఒకేసారి పది సెకన్లకు మించి కొట్టొద్దు. నిమిషం ఆగి మళ్లీ చూడండి. లేదంటే సెల్ఫ్ మోటారు కాలుతుంది, బ్యాటరీ దిగుతుంది, ఒక్క మస్లా కాస్తా మూడవుతుంది.

ఇప్పుడు గుంటూరులో మా ఆపా ఇంట్లో జరిగింది చెబుతాను. దుల్హాభాయ్ సొంత కారు కిరాయికి తిప్పుతారు. ఓసారి ఆయన తమ్ముడు తెనాలిలో దావత్‌కు ఆ కారు తీసుకెళ్లి, వచ్చేటప్పుడు పెట్రోలు పోయించి, రాత్రి పదకొండింటికి తెచ్చి ఇంటి ముందు పెట్టాడు. తెల్లారి ఫజర్ అయ్యాక దుల్హాభాయ్ తాళం తిప్పితే సెల్ఫ్ హుషారుగానే తిరిగింది, బండి స్టార్ట్ అవ్వలేదు. ఏడింటికి ఓ పెద్దావిడను డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. వారానికి మూడుసార్లు దొరికే కిరాయి అది. వాళ్లు ఎంతసేపు ఆగుతారు? వేరే కారు మాట్లాడుకుని వెళ్లిపోయారు.

దాంతో పరేషానీ కాస్తా గుస్సా అయింది. "ఎక్కడో కల్తీ పెట్రోలు పోయించి బండి బర్బాద్ చేశావు" అని దుల్హాభాయ్ తమ్ముడి మీద పడ్డారు. ఆ అబ్బాయి ఖసమ్ తిన్నా వినలేదు. ఆపా అత్తగారు చిన్నకొడుకు వైపు మాట్లాడింది. పాత హిసాబ్‌లన్నీ బయటికొచ్చాయి. అమ్మీ ఆపరేషన్‌కు ఎవరెంత పెట్టారు, ఇంటికి రేకులు ఎవరు వేయించారు, ఇవన్నీ. ఫోన్లో అడిగిన మెకానిక్ బండి చూడకుండానే "పంపు పోయి ఉంటుంది, తొమ్మిది వేలు రెడీ పెట్టుకోండి" అన్నాడు.

అబ్బా బెజవాడ నుంచి బస్సులో పదకొండింటికి దిగారు. వస్తూనే బండి ముట్టుకోలేదు. ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు. "బేటా, తెనాలి నుంచి వచ్చేటప్పుడు ఎక్కడైనా జర్క్ ఇచ్చిందా? పికప్ తగ్గిందా?" లేదన్నాడు. "పెట్రోలు ఎక్కడ పోయించావు?" తెనాలి దాటకముందే అన్నాడు. అప్పుడు అబ్బా అందరూ వినేలా అన్నారు. "పెట్రోలుది తప్పయితే పాతిక కిలోమీటర్ల దారిలో ఎక్కడో ఒకచోట బండి చెప్పి ఉండేది."

తర్వాత తాళం ఆన్ చేయించి వెనక సీటుకు చెవి ఆనించారు. పంపు మోగలేదు. ఫ్యూజు బాగుంది. అదే నంబరున్న హారన్ రిలే తీసి పంపు రిలే ఉన్నచోట పెట్టారు. అయినా మోగలేదు. మెకానిక్ చెప్పింది సహీ అనుకున్నాం అందరం. అబ్బా సీటు ఎత్తి పంపు సాకెట్ దగ్గర టెస్ట్ ల్యాంపు పెట్టారు. ల్యాంపు వెలగలేదు. అంటే పంపు దాకా కరెంటే రావట్లేదు. "దానికి తిండి పెట్టకుండా పని చేయట్లేదంటే ఎలా? పంపుది కసూర్ కాదు" అన్నారు.

వైరు వెంబడి ముందుకు వెతుక్కుంటూ వెళ్తే ముందు సీటు పక్కన, కార్పెట్ అడుగున ఎలుక కొరికిన చోటు దొరికింది. అక్కడే పిల్లలు పడేసిన బిస్కెట్ ముక్కలు, ఎలుక పెంటికలు. బ్యాటరీ టెర్మినల్ తీసి, కొత్త వైరు ముక్క వేసి, జాయింట్లు గట్టిగా నొక్కి స్లీవులు తొడిగారు. తాళం ఆన్ చేయగానే 'జుయ్'మంది. సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయింది. ఖర్చు రెండొందలు దాటలేదు. తొమ్మిది వేల కొత్త పంపు వేసినా ఆ తెగిన వైరుతో అదీ తిరిగేది కాదు.

దుల్హాభాయ్ తమ్ముణ్ణి మాఫీ అడిగారు. "పర్లేదు భాయ్" అన్నాడు ఆ అబ్బాయి. కానీ ఆ నెలంతా ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోలేదు, పని ఉందంటూ బయటే తినేవాడు. వైరు గంటలో అతికింది. అన్నదమ్ములు మళ్లీ ఒకే బండి మీద జుమాకు వెళ్లడానికి రంజాన్ రావాల్సి వచ్చింది.

సూరా హుజురాత్ మనం ఎన్నిసార్లు చదివుంటాం! 6వ ఆయత్‌లో చెవిన పడ్డ ఖబర్‌ను తహ్‌కీఖ్ చేసుకోవాలనీ, 12వ ఆయత్‌లో గుమాన్‌లకు దూరంగా ఉండాలనీ హుకుం ఉంది. తహ్‌కీఖ్ ఎలా ఉంటుందో నేను ఆ రోజు కళ్లారా చూశాను. షక్ అబ్బాకూ ఉంది. షక్ లేకుండా మిస్త్రీ పని నడవదు. కానీ ల్యాంపు జవాబు చెప్పేదాకా ఆయన ఎవరి మీదా ఫైసలా వేయలేదు.

ఇప్పుడు స్కానర్లు వచ్చాయి. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కు తగిలిస్తే కోడ్ చూపిస్తాయి. పీ0335 అని వచ్చిందనుకోండి, అది క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో తేడా ఉందని చెబుతుంది. సెన్సార్ బాగానే ఉండి దాని వైరు తెగినా, సాకెట్ వదులైనా అదే కోడ్ రావచ్చు. కోడ్ గవాహ్ మాత్రమే, ఖాజీ కాదు. గవాహీ విన్నాక మీటరు పెట్టి చూడాల్సిందే.

కాబట్టి మెకానిక్‌కు ఫోన్ చేసేటప్పుడు "పంపు పోయింది" అని మీరే ఫైసలా చెప్పకండి. చూసిందీ విన్నదీ చెప్పండి. సెల్ఫ్ ఎలా తిరుగుతోంది, పంపు మోగిందా, ముల్లు కదిలిందా, తాళం లైటు ఆరిందా, వాసన వచ్చిందా, నిన్న చివరిసారి ఎలా నడిచింది. ఏదైనా పార్టు మార్చాలంటే "దీని దాకా కరెంటు వస్తోందా భాయ్, చూశారా?" అని అదబ్‌గా ఒక్కమాట అడగండి. మంచి మిస్త్రీ దానికి బురా అనుకోడు, ల్యాంపు తెచ్చి మీ ముందే పెట్టి చూపిస్తాడు. నిన్న బండి నడిపిన మనిషిని కూడా తప్పకుండా అడగండి. కాకపోతే ముల్జిమ్‌ను అడిగినట్టు కాకుండా, గవాహ్‌ను అడిగినట్టు అడగండి.